తాడు గుంజిన చేతులు

రాండ్రి, దగ్గరికి జరిగి కూసోండ్రి. పుష్యమాసపు చలి ఎముకలల్లకు దూరుతది. చిన్నోడా, ఇంకో నాలుగు కందికట్టె పుల్లలు ఎయ్యి. పత్తికట్టె వద్దు, అది భగ్గున లేస్తది, భగ్గున ఆరుతది. ముచ్చట చెప్పుకునేటందుకు కందికట్టె మంటనే నిలకడ.

బిడ్డా, నీ చేతిల ఉన్నదేంది? ఇటు తే, వెలుగుల సూపెట్టు. ఓహో, మీ నాయనమ్మ సందుగల దొరికిందా! ఆమె పోయినంక ఆ సందుగ మూత నేను లేపనే లేదు. కుంకుమ బరిణె ఇది. పిడికిట్ల పట్టేంత గిన్నె, దాని మీద గుబ్బ ఉన్న మూత, చుట్టూర ఎరుపు, పసుపు, నలుపు పట్టీలు. వచ్చే మాఘంల నీ పెండ్లి. నీ చేతికే దొరకాలె, నీకే పోవాలె. గని దీని ముచ్చట విని తీసుకపో. దీన్ని చేసినయి నాలుగు చేతులు బిడ్డా. అండ్ల రెండు నావి.

నేను పోలీసు యాక్షన్ అయిన రెండేండ్లకు, 1950ల పుట్టిన. మాది దేవరకొండ దిక్కు. మా అమ్మ తల్లిగారిల్లు అచ్చంపేట అవుతల, నల్లమల అంచుకు. అప్పుడది పాలమూరు జిల్లా. 2016ల జిల్లాలు విడగొట్టినంక నాగర్‌కర్నూలు కిందికి పోయింది. ఎండకాలం సెలవులు రాంగనే నన్ను డిండి మీదికెళ్లి మా మేనమామ కాడికి తోలుతుండ్రి. ఆ రెండు నెలలు నాకు అదే బడి.

మనం వడ్లోళ్లం. మా నాయినది మోటు పని. నాగండ్లు, గొర్లు, బండి చక్రాలు, దర్వాజలు. రైతు ఏడాదంత పని చేయించుకునేది, పంట కల్లానికి వచ్చినప్పుడు మేర కొలిచేది. మామ గూడ అవన్నీ చేస్తుండె. గని ఆయనకు ఇంకో విద్య ఉండె, తరిమెన పని. కట్టెను గుండ్రంగ తిప్పుకుంట ఉలి ఆనించి చెక్కుడు. ఉర్దూ తెలిసినోళ్లు ఖరాదు అంటుండ్రి. మంచం కోళ్లు, తొట్టెల గుబ్బలు, కవ్వాలు, పప్పుగుత్తులు, పిల్లగాండ్లకు బొంగరాలు, ఆడబిడ్డలకు కుంకుమ బరిణెలు, అన్ని దాని మీదనే. సంక్రాంతికి రంగాపురం కాడ ఉమామహేశ్వరం జాతర అయితదా, అత్తమ్మ ఆ బొంగరాలు, బరిణెలు గంపల పెట్టుకొని పోతుండె. నయా పైసలు 1957లనే వచ్చినయి గని జాతరల ఇంకా అణాల లెక్కనే బేరాలు.

తరిమెన ఎట్ల తిరుగుతదంటవా? కరెంటు ఏడిదిరా అప్పుడు! చల్ల చేసే కవ్వం యాదికి తెచ్చుకో. కవ్వానికి తాడు సుట్టి, ఈ చేత ఒక కొన, ఆ చేత ఒక కొన పట్టుకొని గుంజితె కవ్వం ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతది గద? ఆ కవ్వాన్ని పండవెట్టు, అదే తరిమెన. మామోళ్ల వాకిట్ల యాపచెట్టు కింద రెండు కట్టె దిమ్మెలు భూమిల పాతి ఉండె. వాటి నడుమ ఒక ఇరుసు. ఇరుసు మొనకు కట్టెముక్కను బిర్రుగ బిగించేది. ఇరుసుకు తాడు సుట్లు సుట్టి, రెండు కొనలకు రెండు కట్టె పిడికెలు కట్టేది. పిడికెలు పట్టుకొని కూసునేటోడు ఒకడు, ఉలి పట్టుకొని కూసునేటోడు ఒకడు. ఇద్దరు లేంది తరిమెన లేదు.

పెద్ద పీట మీద మామ. ఎదురుంగ చిన్న పీట. అది నాది.

తాడు గుంజుడంటె ఏముంది, గాడిద చాకిరి అనుకున్న మొదాల. రెండు రోజులకు అరచేతులల్ల బొబ్బలు లేసినయి. అత్తమ్మ ఆముదం రాసి గుడ్డ కట్టింది. మూడో రోజుకు తెలిసింది నాకు, అండ్ల ఎంత కిటుకు ఉన్నదో. కట్టె ఉలి దిక్కు తిరిగినప్పుడే ఉలి కొరుకుతది. ఎనుకకు తిరిగేటప్పుడు కొరకది. అప్పుడు మామ ఉలిని ఎంట్రుకవాసి ఎనుకకు తీస్తుండె, మళ్ల కట్టె ముందుకు తిరగంగనే ఆనిస్తుండె. సర్రు మని పొట్టు లేసేది, ఆగేది, సర్రు మనేది, ఆగేది. నా గుంజుడు, మామ ఉలి, రెండూ ఒకటే ఊపిరి మీద నడవాలె. నేను తొందరపడితె ఉలి ఎగురుతది, నేను అలిసిపోతె ఉలి బరుకుతది. మామ నన్ను ఒక్కనాడు గట్టిగ గుంజమనలె, ఒక్క తీరుగ గుంజమన్నడు.

కట్టె ముచ్చట గూడ చెప్పాలె. బరిణెకు అంకుడు కట్టె కావాలె. కొమ్మ గిల్లితె పాలు కారుతయి, కొందరు తెల్లపాల అంటరు. తెల్లగ, మెత్తగ, దారాలు తేలకుండ ఉంటది లోపల. టేకు బండికి మంచిది, తుమ్మ నాగలికి మంచిది, తరిమెనకు అంకుడే. కన్నడ దేశంల చెన్నపట్నం బొమ్మలు గూడ ఈ కట్టెతోనే చేస్తరట. గని కొట్టంగనే పనికి పెట్టొద్దు. పచ్చి కట్టె తరిమెన మీద గుండ్రంగనే వస్తది, పది రోజులకు ఎండి కోడిగుడ్డు తీరుగ సాగుతది. ఇగ దానికి ఏ మూత పడ్తది? అందుకె మామ కట్టెను తునకలు కోసి, కొనలకు పేడ పూసి, అటుక మీద నీడకు ఎండవెడ్తుండె. కొనలకెళ్లి తడి గబగబ పోతె కట్టె పలుగుతది, పేడ దాన్ని నిదానంగ పోనిస్తది. అటుక మీద తునకలు మొన్న కొట్టినయి ఒక దిక్కు, నిరుడు కొట్టినయి ఒక దిక్కు. మామ ఎక్కి ఒక్కో తునకను గోటితోని కొట్టి చెవి పెట్టి వింటుండె. తడి ఉంటె మొద్దు చప్పుడు, ఎండితె టంగుమంటది.

ఇగ ఈ బరిణె కాడికి వస్త. 1960 ఎండకాలం. నాకు పదేండ్లు. ఆ ఏడు అమ్మకు ఒడిబియ్యం పోసుడు పెట్టుకున్నరు తల్లిగారింట్ల. ఆడబిడ్డ ఒడిల పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె బట్ట పోసి పంపుడు, మీకు తెల్వంది కాదు. దాంతోపాటు చెల్లెకు తన చేతితోని ఒక బరిణె ఇయ్యాలని మామ మనసుల పెట్టుకున్నడు. అటుక మీది తునకలల్ల అన్నిటికన్న పాతది దించిండు. "అల్లుడా, మీ అమ్మకు చేస్తున్న, చెయ్యి తడబడొద్దు" అన్నడు.

మొదటి రోజు పొద్దుగాల బాడిశతోని మూలలు కొట్టి, ఇరుసుకు బిగించి, బయటి రూపు తీసుడు మొదలు పెట్టిండు. మామ అనుకున్న రూపు వేరు. నిండు గుమ్మడికాయ తీరుగ, ఒకటే గుండు. పగటాల్లకు రూపు వచ్చేసింది. తిరుగుతుంటె తెల్లటి వెన్నముద్ద లెక్క కనిపిస్తుండె. అప్పుడు ఒక చెంచాయన తేనె అమ్ముకుంట వాకిట్లకు వచ్చిండు. చెంచులు అడివికెళ్లి తేనె, బంక తెచ్చి ఊర్లల్ల అమ్ముతుండ్రి. భుజం మీది కుండ సూసిన, తేనె అనంగనే నా మెడ అటు తిరిగింది. ఒక్క లిప్త. చెయ్యి దారి తప్పింది, ఆగాల్సిన కాడ ఆగక తాడును గుంజిన. ఉలి కట్టెల దిగబడ్డది. ఖట్ మన్నది. గుమ్మడికాయ బొజ్జ మీద గోరంత లోతు గాటు.

నాకు కాళ్లు చల్లబడ్డయి. ఏడాది ఎండిన కట్టె, అమ్మకు చేసే బరిణె. తిట్లు పడ్తయనుకున్న. మామ ఏమనలె. ఉలి పక్కకు పెట్టి, బొటనవేలు ఆ గాటు మీద ఆనించి రెండు మూడు సార్లు నిమిరిండు. అటెంక ఈ మాట చెప్పిండు, అరవై అయిదేండ్లయింది, ఇప్పటికీ చెవులల్లనే ఉన్నది.

"అల్లుడా, గోడకు బొక్క పడితె ఆడనే మన్ను పెట్టి పూడ్వొచ్చు. తరిమెన మీద అట్ల కాదు. ఒక్క కాడ గాటు పడితె చుట్టూర అంత లోతు తియ్యాలె. అప్పుడే గుండ్రం నిలుస్తది. ఇగ దీనికి నడుము వచ్చింది. గుంజు, కండ్లు కట్టె మీద పెట్టు."

కూసున్నం ఇద్దరం. నేను గుంజుతనే ఉన్న, ఆయన చుట్టూర తీస్తనే ఉన్నడు. పొద్దు గూకేదాక. గాటు కనపడకుండ పోయేసరికి గుమ్మడికాయ పోయి ఇగో ఈ రూపు వచ్చింది. వేలు పెట్టి సూడు బిడ్డా. మీద ఒక గుండు, కింద ఒక గుండు, నడుమ సన్నగ. అందరు ఇదేదో కావాలని చేసిన వన్నె అనుకుంటరు. అది నా తేనె ఆశ.

రెండో రోజు లోపల తొలిచిండు. కొన కొక్కెం తీరుగ వంగిన ఉలి అది. లోపల ఏం జరుగుతుందో కంటికి కనపడది, చెవికే తెలుస్తది. గోడ మందంగ ఉన్నప్పుడు గుబగుబ, పల్చబడుతుంటె చప్పుడు సన్నబడుతది. నడుము కాడ బయట అంత తీసిండు గద, లోపల గూడ ఆ వంపు యాది పెట్టుకొని ఆగాలె, లేకుంటె ఉలి అవుతలికి వస్తది. నేను తాడు గుంజుకుంట ఆ చప్పుడు విన్న. ఏడ ఆగాలెనో మామ ఆగక ముందే నాకు తెలిసింది. ఆగిన. మామ తలెత్తి నన్ను సూసిండు, అంతే. మెచ్చుకోలు మాట ఏం అనలె. ఆ చూపు సాలు నాకు.

మూడో రోజు రంగు. బ్రష్షు లేదు, వార్నీషు లేదు. లక్క. మోదుగ, రేగు కొమ్మలకు సన్నపురుగులు పట్టి జిగురు కక్కుతయి, ఆ జిగురే లక్క. మన అవుసులోళ్లు నగల లోపల బోలు నింపుతరు, చార్మినార్ కాడ లాడ్ బజార్ల గాజులు చేస్తరు, అదే లక్క. మామ దాన్ని అవుసులాయన కాడ తెచ్చేది. బొగ్గుల మీద కాచి, మెత్తవడ్డంక బెల్లం పాకం తీరుగ గుంజుడు, మడుచుడు, మళ్ల గుంజుడు. గుంజిన కొద్ది దాని ముదురు రంగు తేలిపోయి మెరుపు వస్తది. అప్పుడు పసుపు రంగుకు పసుపు, నలుపుకు దీపం మసి, ఎరుపుకు ఇంగిలీకం కలిపి, వేలంత కడ్డీలు చేసి ఆరవెడ్తుండె.

బరిణెను గరుకు కాయితంతోని నున్నగ చేసినంక తిరిగే కట్టె మీద లక్క కడ్డీ ఆనిస్తడు. అప్పుడు తాడు గుంజేటోనిదే పనంత. రాపిడికి పుట్టే వేడికే లక్క కరగాలె. మెల్లగ గుంజితె లక్క పెచ్చులు పెచ్చులుగ అంటుతది, జోరుగ గుంజితె మాడి పొగ లేస్తది. నా రెండు రెక్కల వేడినే ఆ రంగు తాగింది బిడ్డా. లక్క అంటినంక మామ ఎండిన తాటాకు మడిచి దాని మీద అదిమిండు. పుండు మీది పక్కు తీరుగ ఉన్న రంగు, తాటాకు తాకంగనే అద్దం అయింది. ఆయన మొఖం, నా మొఖం, మీద యాపకొమ్మలు, అన్నీ అండ్ల కనపడ్డయి.

వన్నె పెట్టుడు అటెంక. ఈ మూత అంచు సూడు, నల్లపట్టీల నడుమ ఎంట్రుకంత ఎర్రగీతలు ఉన్నయి గద? వాటిని గీసి దిద్దలె. ముందుగాల ఎర్రలక్క పట్టించి, దాని మీద పల్చగ నల్లలక్క పట్టించి, తిరుగుతుంటె సూదిమొన ఆనించిండు. మీది నలుపు లేసిపోయి కింది ఎరుపు బయటపడ్డది. చేత్తోని గీస్తె వంకర పోయేది. తరిమెన మీద సూది కదలకుండ పట్టుకుంటె సాలు, కట్టెనే తిరిగి గీత గీసుకుంటది. ఇవి ఏడు గీతలు. లెక్కవెట్టు.

ఆఖరుకు మూత. అది వడ్లోని పరీక్ష. మూత వదులుంటె కుంకుమ ఒలుకుతది, బిర్రుగ ఉంటె ఆడబిడ్డ గోర్లు ఇరుగుతయి. మామ ఒక్క రవ్వ తీసి పెట్టి సూసేది, మళ్ల ఒక్క రవ్వ తీసేది. పెడితె మూత తనంతట తాను మెల్లగ దిగాలె, లోపలి గాలి ఉస్సు మని పోవాలె. మూత గుబ్బ పట్టి లేపితె బరిణె మొత్తం లేవాలె. అట్ల లేసిననాడే పని అయినట్టు.

అమ్మ ఒడిల బియ్యం పోసి, పసుపు ముద్ద పక్కకు ఈ బరిణె పెట్టిండు మామ. అమ్మ మూత తీసి, కుంకుమ ఏలికి అంటించుకొని మొదాల నా నొసటికి పెట్టింది. ఎందుకో తెలుసా? మామ చెప్పిండు ఆమెకు, "దీన్ని నీ కొడుకు, నేను చేసినం" అని. గాటు ముచ్చట మాత్రం చెప్పలె. దాన్ని మా ఇద్దరి నడుమనే ఉంచిండు.

ఓసారి నల్లగొండకు పెండ్లికి వచ్చి, మామ నన్ను పానగల్లు తోలుకపోయిండు. ఛాయా సోమేశ్వరం గుడి ఉన్నది గద, కందూరు చోళుల నాటి గుడి, లోపల లింగం మీద నీడ పొద్దంత కదలకుండ ఉంటదని జనం సూడవోతరు. మామ నీడ సూడలె. నల్లరాతి కంబాల కాడ నిలవడ్డడు. తరిమెన పట్టినట్టు గుండ్రంగ, మెట్లు మెట్లుగ, గీతలు గీతలుగ ఉన్నయి అవి. చెయ్యి పెట్టి నిమిరి, "సూసినవా అల్లుడా, రాయి గూడ మన మాట వింటది" అన్నడు. చేసినోళ్ల పేరు ఏడన్న రాసి ఉన్నదా అని నేను ఎతికిన. లేదు. మామ అన్నడు: "కురుమూర్తి జాతరల స్వామి ఉద్దాలు ఊరేగిస్తరు గద, వడ్డెమాన్ల నిష్ఠతోని కుట్టిన ఉద్దాలు. వాటికి లక్షల మంది తల వంచుతరు. కుట్టినోని పేరు వాటి మీద ఉంటదా? తల వంచితిరి గద, అదే పేరు."

రోజులు మారినయి. ముందు సిల్వరు, అటెంక స్టీలు, అటెంక ప్లాస్టిక్ బరిణెలు జాతరలకు వచ్చినయి. అడివిల కట్టె కొట్టుడు బందయింది. ఇప్పుడు అది అమ్రాబాద్ పులుల అడివి, కాపాడుకోవాల్సిందే, దానికి నేను వంక పెట్ట. మామ కొడుకులు పట్నం పోయి ఫర్నిచర్ పనిల పడ్డరు. యాపచెట్టు కింద దిమ్మెలు చెదలు పట్టి ఇరిగినయి.

పదేండ్ల కింద మీ నాయిన నన్ను అన్నవరం తోలుకపోయిండు. ఆడికెళ్లి విశాఖ పోయే దారిల, వరాహ నది ఒడ్డుకు ఏటికొప్పాక ఉన్నది. ఆ ఊరంత తరిమెన పనే. అదే అంకుడు కట్టె, అదే లక్క. తాటాకు బదులు మొగలి ఆకు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మన నిర్మల్ బొమ్మలు, ఆంధ్రల కొండపల్లి బొమ్మలు పొనికి కట్టెతోని చెక్కి అతికేటివి, అది వేరే విద్య. ఇది మన మామ విద్య. రసాయన రంగులు వచ్చి పనిని చెడగొడుతుంటె, సి.వి. రాజు అనే పెద్దమనిషి పసుపు, నీలి, జాఫ్రా గింజల రంగులు మళ్ల పట్టుకొచ్చిండు. పసిపిల్లలు నోట్ల పెట్టుకున్నా భయం లేదు. 2017ల ఆ బొమ్మలకు జీఐ గుర్తింపు, 2023ల రాజు గారికి పద్మశ్రీ వచ్చినయి. 2025 గణతంత్ర దినానికి ఢిల్లీల ఆంధ్ర శకటం ఆ బొమ్మలతోనే నడిచింది, టీవీల మీరే నాకు సూపెట్టిండ్రు.

ఆడ మోటరు మీద తిరుగుతది తరిమెన, ఒకటే దిక్కు, గాలి లెక్క. పని సాఫుగ, గబగబ అయితది, పది ఇండ్లు బతుకుతున్నయి. మంచి మాటనే. గని నా కండ్లు ఎదురు పీట కోసం ఎతికినయి. అది లేదు. తాడు గుంజే పిల్లగాడు లేడు. మామ నాకు ఒక్కనాడు పాఠం చెప్పలె బిడ్డా. ఉలి ఇట్ల పట్టు అనలె. ఎదురుంగ కూసొని గుంజుకుంట గుంజుకుంట, ఆయన చేతిల ఉన్నదంత తాడు పట్టుకొని నా చేతులల్లకు వచ్చింది. తప్పు జరిగితె చుట్టూర సరిచెయ్యాలనేది గూడ అట్లనే వచ్చింది. ఇంట్ల ఒకరు జారితె ఆ ఒక్కరినే గీకుతె ఇల్లు గుండ్రంగ నిలవది, అందరం ఇంత ఇంత తగ్గాలె. మీ నాయనమ్మ, నేను యాభై ఏండ్లు అట్లనే నడిచినం. నువ్వు కొత్త ఇంటికి పోతున్నవు. నీకు చెప్పాల్సింది ఇదే, ఇంకేం లేదు.

మంట సన్నవడ్డది. పొద్దుపోయింది, లేవుండ్రి. బిడ్డా, ఆ బరిణె ఇట్ల అరుగు మీద పెట్టు. గట్టిగ ఒత్తకు, మూత దాని మీద వదిలిపెట్టు. విన్నవా, ఉస్సు మన్నదా? ఇగ గుబ్బ పట్టి లేపు, మెల్లగ...

సూసిండ్రా! లేసింది.